తిప్పరాని వీపు

జిల్లా పెద్దాసుపత్రిలో పుండును నిషేధించిన ఏడాదే లింగస్వామి గౌడు తాటిచెట్టు మీంచి పడ్డాడు. పడడానికి అంతకన్నా చెడ్డ ఏడాది వెతికినా దొరకదు.

మోకు తెగలేదు. చెట్టు విరగలేదు. మంచుకు మట్ట తడిసి కాలు జారింది, అంతే. కల్లు లొట్టి చెట్టు మీదనే క్షేమంగా ఉంది, మనిషే కిందికొచ్చాడు. నడుం ఎముక చితికింది. చితికిన చోటు నుంచి కిందికి ఒళ్లు ఆయన మాట వినడం మానేసింది. కాళ్లున్నాయి గానీ గిచ్చినా తెలీదు, చీమ కుట్టినా తెలీదు.

"సగం నేను ఇంకా చెట్టు మీదనే ఉన్ననేమో సూసి రాపోయే," అన్నాడు ఆపరేషనైన మూడోనాడు భార్య అండాలుతో.

అండాలు నవ్వలేదు. మొగుడు నవ్విస్తే నవ్వే అలవాటు ఆమెకు పెళ్లినాటి నుంచీ లేదు. నడుముకు కట్టుకుని చెట్టెక్కే ఆ మోకును మడతపెట్టి మంచం కింద దాచింది. ఇంటి దగ్గర ఉంచితే ఎవరన్నా ఎత్తుకుపోతారని కొంత, అది దగ్గరుంటే ధైర్యమని కొంత.

వార్డులో ఎస్తేరు అని పెద్ద సిస్టరు. మాట గట్టి, చెయ్యి మెత్తన. వాళ్లు వార్డుకొచ్చిననాడే అండాలును పక్కకు పిలిచింది.

"జొన్నరొట్టెను పెనం మీద ఒక్క దిక్కే ఉంచితే ఏమైతది?"

"మాడ్తది."

"మనిషి గూడ అంతే. ఈయనకు నడుం కింద తెల్వి లేదు. మనమైతే నిద్రల గూడ మెసుల్తం. ఈయన మెసలడు. ఒక్క దిక్కే పంటే పిర్ర కాడ, మడిమె కాడ నెత్తురు ఆడక తోలు చచ్చిపోతది. ముందు ఎర్రగైతది, తర్వాత నల్లగైతది, ఆ తర్వాత లోపలికి బొక్క దాకా తింటది. బొక్కకు తగిల్తే మనిషి మిగలడు. ఆ పుండు రాకుంట చూసుకున్నమనుకో, ఎండాకాలం కల్ల కుర్చీల కూసుంటడు."

"కుర్చీల కూసుంటే చాలు," అంది అండాలు. "దుకాణం కాడ కూసోని కల్లు కొలిచి పోస్తడు. నోరైతే మంచిగనే ఉన్నది గద."

ఆ రోజు నుంచి ఎస్తేరు ఒక పక్క, వార్డుబాయి ఒక పక్క, అండాలు కాళ్ల దగ్గర. దుప్పటి అంచులు పట్టుకుని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిప్పేవాళ్లు. మోకాళ్ల మధ్య దిండు, మడమల కింద మెత్త. తడి తగలనిచ్చేవాళ్లు కాదు. రోజూ గుడ్డు, పప్పు పెట్టించేవాళ్లు. లింగస్వామి వీపు కొత్తగా అలికిన గోడలా ఉండేది.

అప్పుడొచ్చింది రాజధాని నుంచి పథకం. పేరు 'నిర్వ్రణ ఆసుపత్రి'. వ్రణమంటే పుండని వార్డులో సగం మందికి తెలీదు. తెలియకపోవడమే పథకానికి బలం.

పథకం మొదలు పెట్టిన వాళ్లది మంచి బుద్ధే కావచ్చు. పడకలో పడి ఉన్నవాళ్లకు పుండ్లు రాకుండా చూడండి, వస్తే మాన్పండి అన్నారు. జిల్లాల వారీగా పోటీ కూడా పెట్టారు. ఆసుపత్రి సూపరింటెండెంటు విరూపాక్షరావు గారు మంచం మంచం తిరిగి ప్రతి రోగినీ తిప్పి చూడమని సిస్టర్లకు చెప్పారు. సిస్టర్లు తిప్పి చూశారు. చూసింది చూసినట్టు రాశారు. వాళ్లు చేసిన తప్పు అదొక్కటే.

జిల్లా ఆఖరి స్థానంలో నిలబడింది. పక్క జిల్లా మొదటి స్థానం. అక్కడి వాళ్లు ఒక్క పుండూ లేదని రాశారు. వాళ్ల రోగులకు వీపులే లేవో, వాళ్ల సిస్టర్లకు కళ్లే లేవో ఎవరూ అడగలేదు. వీడియో సమావేశంలో టీవీ తెర ముందు విరూపాక్షరావు గారిని నిలబెట్టి, రాష్ట్రమంతా చూస్తుండగా పెద్ద అధికారి ఒకే మాటన్నాడట: "మీరెందుకు వెనకబడ్డారు?"

ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే కమిటీ వేశారు. కమిటీకి నోడల్ అధికారి హరినాథ్. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. ఆ ఫైలులో ఏముందో తెలీదు గానీ అది లేకుండా ఆయన మరుగుదొడ్డికి కూడా వెళ్లడని వార్డుబాయిలు చెప్పుకునేవాళ్లు.

కమిటీ తేల్చినదాన్ని హరినాథ్ వార్డు మధ్యలో నిలబడి చదివి వినిపించాడు.

"ఇప్పటివరకు ఈ ఆసుపత్రిలో నమోదైన వ్రణములన్నియు రోగిని తిప్పిన మరుక్షణమే బయల్పడినవి. తిప్పక పూర్వము ఏ ఒక్క వ్రణమూ నమోదై ఉండలేదు. కావున రోగిని తిప్పుటయే వ్రణకారకమని కమిటీ ఏకగ్రీవముగా నిర్ధారించుచున్నది. తక్షణము అమలులోనికి వచ్చునట్లు తిప్పుట నిషేధించడమైనది."

ఎస్తేరు చెయ్యెత్తింది. "సార్, తిప్పకముందు పుండు కనపడదు కదా సార్."

"మేమూ అదే కదమ్మా అంటున్నది," అన్నాడు హరినాథ్, పిల్లకు లెక్క చెప్పినంత ఓపికగా.

మరునాటికి ప్రతి మంచానికీ ఎర్ర అట్ట వేలాడింది: 'ఈ రోగిని తిప్పరాదు'. వార్డు తలుపు దగ్గర కుర్చీ వేసి ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆ కొత్త ఉద్యోగం పేరు 'తిప్పుడు నివారణ పర్యవేక్షకుడు'. కూర్చుని కూర్చుని పిర్ర నొప్పి పుట్టి అతను మాత్రం మాటిమాటికీ లేచి ఒళ్లు విరుచుకుని అటూ ఇటూ తిరిగేవాడు. దాని మీద నిషేధం లేదు.

తిప్పడం ఆగింది. పుండ్లు ఆగాయి. అంటే కాగితం మీద. జిల్లా ఆఖరి స్థానం నుంచి ఎగిరి పైకి పోయింది.

పుండ్లే లేనప్పుడు కట్టుగది దేనికని దానికి తాళం వేశారు. తర్వాత తాళం తీసి, గోడలకు రంగు వేసి, రాబోయే జ్ఞాపికలు పెట్టడానికి అద్దాల బీరువా చేయించారు. రోగుల కోసం వచ్చిన గాలి పరుపును ఆ గదిలోనే ఒక బల్ల మీద పరిచి, రిబ్బను కట్టి, పక్కనే 'తాకరాదు' అని రాశారు. పరుపు లోపల మోటారు గుయ్యిమంటూ గాలి ఆ గడి నుంచి ఈ గడికి మారుతూ ఉండేది. ఎవరూ పండుకోని ఆ పరుపు ఒక్కటే ఆసుపత్రిలో పద్ధతి ప్రకారం ఇటు అటు తిరుగుతూ ఉండింది.

మొదట దుప్పటి తడిసింది. అండాలు నీళ్లు ఒలికాయనుకుంది. తర్వాత వాసన. ఒకనాడు మధ్యాహ్నం పర్యవేక్షకుడు బీడీ కోసం బయటికి పోయినప్పుడు ఆమె మొగుడి నడుం కిందికి చెయ్యి పోనిచ్చింది. ఉండాల్సిన చోట తోలు లేదు. ఆమె చెయ్యి బయటికి తీసి, వాసన చూసి, కొంగుకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"ఏందే, చేతిల ఏం దొరికింది?" అన్నాడు లింగస్వామి.

"ఏం లేదు."

"ఏం లేకుంటే గట్ల పట్టుకున్నవేంది, లంకెబిందె దొరికినట్టు."

ఆయనకు నొప్పి లేదు. అదే ఆమెకు భయం. నొప్పి ఉంటే అరిచేవాడు, అరిస్తే ఎవరన్నా వచ్చేవాళ్లు. మనిషి హాయిగా నవ్వుతూ కింది నుంచి చెదలు పట్టిపోతున్నాడు.

ఎస్తేరు ఆ చెయ్యి చూసి కళ్లు మూసుకుంది. "తెల్సు అండాలమ్మా. వార్డంత అట్లనే ఉన్నది. దూది లేదు, గాజుగుడ్డ లేదు, ఉప్పునీళ్ల సీసా లేదు. అడిగితే, పుండు లేని ఆసుపత్రికి అవెందుకు అంటున్నరు. నిన్న నా పర్సుల చిన్న కత్తెర ఉంటే దాన్ని గూడ గుంజుకున్నరు."

హరినాథ్ తనిఖీకి వచ్చినప్పుడు అండాలు ఎదురుగా నిలబడింది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమిటీ దుర్గంధం?"

"పుండు వాసన సారూ. నా మొగనికి నడుం కింద వడ్డది."

"ఈ ఆసుపత్రిలో వ్రణములు లేవమ్మా. లేని వ్రణానికి వాసన ఎట్లా వస్తుంది?"

"ఒక్కసారి తిప్పి సూడుండ్రి."

"తిప్పితే వస్తుంది. అందుకే కదా నిషేధించాము!" ఆయన వార్డంతా ముక్కుతో వెతికాడు. చివరికి గోడవార బుచ్చమ్మ అనే ముసలామె డబ్బా మీద ఆయన చూపు నిలిచింది. బుచ్చమ్మ తమ్ముడు పక్షవాతంతో మూడో మంచం మీద ఉన్నాడు. ఆ డబ్బాలో ఎండుచేపల పులుసు ఉంది. సాయంత్రానికి ఎండుచేపల నిషేధం వచ్చింది. అయినా వాసన పోలేదు. మంచానికొక అగరుబత్తీల కట్ట ఇచ్చారు. వార్డు పెళ్లిపందిరిలా ఘుమఘుమలాడింది. ముక్కు మూసుకుని వచ్చినవాళ్లకు అది పెళ్లిపందిరే. ముక్కున్న వాళ్లకు మాత్రం అగరుబత్తీలు వెలిగించేది ఎక్కడో గుర్తొచ్చేది.

"మనది గూడ మొదలువెట్టిర్రా?" అన్నాడు లింగస్వామి ఆ పొగ చూసి. "ఇంక జెరసేపు ఆగుమను. ఊపిరి ఉన్నది."

ఊపిరి లేనివాడు కిటికీ పక్క మంచం మీద దొరికాడు. ఊరూ పేరూ సరిగా తెలియని మనిషి, రోడ్డు మీద లారీ గుద్దితే ఎవరో తెచ్చి పడేశారు. ఆయన దగ్గర కూర్చునేవాళ్లు లేరు. జ్వరం వచ్చింది, తగ్గలేదు, ఒకనాడు పొద్దున చల్లబడి ఉన్నాడు. వార్డుబాయిలు ఎత్తబోతే దుప్పటి కూడా ఆయన వీపుతోపాటు లేచింది. వాళ్లు దాన్ని వదిలించలేక అట్లాగే కలిపి తీసుకుపోయారు.

హరినాథ్ ఆ చావును కూడా వృథా పోనివ్వలేదు. నోటీసు బోర్డు మీద అంటించాడు: 'మన ఆసుపత్రిలో సంపూర్ణ వ్రణరహితుడుగా పరమపదించిన తొలి పౌరునికి నివాళి.'

అండాలుకు చదువు రాదు. ఎస్తేరు చదివి చెప్పింది. విన్నాక అండాలు తిన్నగా సూపరింటెండెంటు గదికి పోయింది. బంట్రోతు వద్దన్నా వినలేదు.

విరూపాక్షరావు గారు చెడ్డవాడు కాడు. ఒకప్పుడు మంచి డాక్టరని పేరు. ఇప్పుడు ఆయనకు మొదటి స్థానం ఒకటే కనిపిస్తోంది, ఎద్దు మెడకు కట్టిన మేతలాగా, కళ్ల ముందే, అందకుండా. రాజధాని నుంచి పెద్ద అధికారి వచ్చి 'నిర్వ్రణ ఆసుపత్రి' జెండా ఇచ్చే రోజు దగ్గర పడింది.

"సారూ, మా ఆయనకు పుండున్నది. కట్టు కట్టియ్యుండ్రి."

"ఎక్కడ పుట్టిన పుండమ్మా?"

"పుట్టుడేంది సారూ? నడుం కింద."

"ఆ ఎక్కడ కాదు. మా ప్రాంగణంలో జనించిన వ్రణమా, బయట జనించి వచ్చిన వ్రణమా? మా ప్రాంగణంలో వ్రణం జనించదు. అది ధ్రువీకరించబడినది. బయట జనించినది అయితే మా బాధ్యత కాదు గనుక మానవతా దృక్పథంతో పరిశీలించగలం."

అండాలు కాసేపు ఆలోచించింది. "అంటే, ఈడ వడ్డ పుండు పుండు గాదు. ఆడ వడ్డ పుండు పుండు."

"క్లుప్తంగా చెప్పాలంటే అంతే."

"అయితే మా ఆయనను బయటికి తీస్కపోయి మళ్ల తెస్త. అప్పుడు బయటి పుండే గద?"

విరూపాక్షరావు గారికి ఆ మాటలో తప్పు దొరకలేదు. కాదనడానికి నియమం కూడా ఏదీ లేదు. "తీసుకెళ్లండి," అన్నారు.

జెండా ఇచ్చే రోజు పొద్దున్నే లింగస్వామిని ట్రాలీ ఆటోలో పరుపు వేసి పడుకోబెట్టారు. డ్రైవరు యాకూబు వాళ్ల ఊరివాడే. అండాలు మోకు భుజాన వేసుకుని పక్కన కూర్చుంది. బుచ్చమ్మ కూడా తమ్ముడు తాగడానికి కొబ్బరిబోండం తెస్తానని వెంట వచ్చింది. ఆటో ఆసుపత్రి గోడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏడికి వోతున్నమే?" అన్నాడు లింగస్వామి.

"పుండును ఊరికి తీస్కపోయి మళ్ల తోల్కొస్తున్న."

"పుట్టింటికా? సారె పెట్టినవా మరి?"

యాకూబు నవ్వాపుకోలేక స్టీరింగు మీద తల పెట్టాడు. అండాలు నవ్వలేదు. ఆటో గేటు ముందుకొచ్చింది. గేటు దగ్గర మూలకు పడేసిన పాత చక్రాల స్ట్రెచరు మీదికి నలుగురు చేతులు వేసి లింగస్వామిని దించారు. నెట్టుకుంటూ లోపలికి పోబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పుండున్నదా?"

"ఉన్నది."

"అయితే లోపలికి లేదు. పుండున్నోళ్లను రానియ్యొద్దని ఇయ్యాల పొద్దుగాలనే ఆర్డరొచ్చింది. స్థానం చెడిపోతదంట."

"పొద్దటిదాక లోపట్నే ఉండె గదనయ్యా!"

"అప్పుడు పుండు లేదు గద."

"అప్పుడు గూడ ఉండె."

"రికార్డుల లేదు."

అండాలు దవడ బిగించింది. "సరే, లేదు. పుండు లేదు. ఇప్పుడు పోనియ్యి."

"పుండు లేనోనికి పుండు మందెందుకు? ఇంటికి తీస్కపో."

మాటల్లో స్ట్రెచరు గేటు మధ్యలో నిలబడిపోయింది. ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు బయట. గొడవ విని హరినాథ్ ఫైలుతో వచ్చాడు. స్ట్రెచరు చుట్టూ ఒకసారి తిరిగి, గేటు గీత ఎక్కడ పడిందో వంగి చూశాడు.

"శిరస్సు, వక్షస్థలం మన ప్రాంగణంలో ఉన్నవి. వ్రణభాగం ప్రాంగణానికి వెలుపల ఉన్నది. ఈ స్థితిలో నిబంధనల ఉల్లంఘన జరగలేదు. అట్లాగే ఉంచండి."

"నన్ను గేటు చేసిర్రు," అన్నాడు లింగస్వామి ఆకాశం చూస్తూ.

అంతలోనే హరినాథ్‌కు ఫోనొచ్చింది. పెద్ద అధికారి కారు ఊళ్లోకి వచ్చేసింది. అప్పుడాయనకు అర్థమైంది, గేటులో స్ట్రెచరుంటే కారు లోపలికి రాదని. "తీయండి, తీయండి! ఎటైనా తీయండి!" అని కేకలు వేశాడు. ఇద్దరు వాచ్‌మన్లు స్ట్రెచరును బయటికి గుంజబోయారు. అండాలు భుజాన ఉన్న మోకు తీసింది. ఎన్నో తాటిచెట్లకు మనిషిని పట్టి నిలిపిన మోకు అది. స్ట్రెచరు కాళ్లకు ఒక చుట్టు, గేటు స్తంభానికి రెండు చుట్లు వేసి, మొగుడు చెట్టు మీద వేసే ముడే వేసింది. గుంజినవాళ్ల చేతులు బొబ్బలెక్కాయి గానీ స్ట్రెచరు కదలలేదు.

కారు వచ్చి ఆగింది. దండలు పట్టుకున్నవాళ్లు, బ్యాండు వాళ్లు, సిస్టర్లు, రోగుల చుట్టాలు గేటు దగ్గర గుమిగూడారు. విరూపాక్షరావు గారు పరుగెత్తుకొచ్చారు. పెద్ద అధికారి కారు దిగి, నల్ల కళ్లద్దాలు తీసి, "ఇదేమిటి?" అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పేలోపే అండాలు బుచ్చమ్మ వైపు చూసింది. బుచ్చమ్మ కొబ్బరిబోండం కింద పెట్టింది. యాకూబు చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ఎస్తేరు అడగకుండానే గుంపులోంచి వచ్చి దుప్పటి నాలుగో మూల పట్టుకుంది.

"ఏందే, ఇంతమంది ముంగట?" అన్నాడు లింగస్వామి, ఈసారి నవ్వకుండా.

"కండ్లు మూస్కో," అంది అండాలు.

నలుగురూ కలిసి దుప్పటి లాగి ఆయన్ను బోర్ల తిప్పారు.

ఎండ పడింది. బ్యాండు వాయించేవాడు సన్నాయి నోట్లోంచి తీశాడు. నడుం కింద రొట్టె అంత మేర నల్లగా చచ్చిన తోలు, దాని అంచుల్లో పసుపు, మధ్యలో లోతు. ఎంత లోతో చూడాలంటే ఎవరన్నా దగ్గరికి రావాలి. ఎవరూ రాలేదు. ఈగలు మాత్రం వచ్చాయి. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు గానీ ఆ రోజు అక్కడి కాకులు కూడా తల తిప్పుకున్నాయి.

ముందుగా తేరుకున్నది హరినాథ్. అతని ముఖం వెలిగిపోయింది.

"సార్! ప్రత్యక్షంగా చూశారు కదా సార్! ఇప్పటివరకు ఈ రోగికి వ్రణం లేదు. ఈమె తిప్పింది. వ్రణం వచ్చింది! మా కమిటీ సిద్ధాంతం మీ సమక్షంలోనే రుజువైంది!"

పెద్ద అధికారి తల ఊపాడు. "ఆకట్టుకునేలా ఉంది. దీన్ని రాష్ట్రమంతా అమలు చేయవచ్చు."

విరూపాక్షరావు గారికి ప్రాణం లేచి వచ్చింది. ప్రాణంతో పాటు కోపం కూడా. "ఎవరు తిప్పారు?"

"నేనే," అంది అండాలు.

"ప్రభుత్వ నిషేధాన్ని ధిక్కరించి, మా రోగికి వ్రణం కలగజేశావు! కానిస్టేబుల్! కేసు పెట్టండి ఈమె మీద!"

గేటు పక్కనే పోలీసు ఔట్‌పోస్టు. పురుగుమందు తాగినవాళ్లవీ, కొట్లాటల్లో తలలు పగిలినవాళ్లవీ కేసులు రాసుకునే చోటు. అక్కడి హెడ్ కానిస్టేబులు సాయిలు తెలివైనవాడా, తెలివి తక్కువవాడా అన్నది ఆ ఆసుపత్రిలో ఎవరూ ఇంతవరకు తేల్చలేకపోయారు. ఆయన టోపీ పెట్టుకుని నిదానంగా వచ్చి, పుండు చూసి, కలం తీశాడు.

"కేసంటే మీరు ఫిర్యాదియ్యాలె సార్. 'గాయం చేసింది' అని."

"ఇస్తాను! గాయం చేసింది!"

"పుండు కాదు గద సార్? గాయమే గద?"

"పుండు మా ఆసుపత్రిలో ఉండదు! గాయమే!"

"మంచిది." సాయిలు రాసుకున్నాడు. "ఏ ఆయుధంతోని చేసినవ్ అమ్మా?"

"శేతులతోని."

"ఎందుకు జేసినవ్?"

"మొగడు గదా సారూ."

"పగతోని," అని రాసుకున్నాడు సాయిలు. తర్వాత విరూపాక్షరావు గారి వైపు తిరిగాడు. "సార్, గాయం కేసంటే బాధితుణ్ణి అడ్మిటు చేసుకోవాలె. డాక్టరు గాయం కొలవాలె. రోజూ కట్టు కట్టి ఎంత మానిందో రాసియ్యాలె. సాక్ష్యం కుళ్లిపోతే మీరే జవాబియ్యాలె. ఒకవేళ మనిషి చచ్చిపోయిండనుకో, ఇది హత్య కేసయితది. అప్పుడు గాయం ఎప్పటిదని కోర్టు అడుగుతది. మిమ్ముల్నే అడుగుతది."

విరూపాక్షరావు గారికి ఎదురుగా పెద్ద అధికారి, చేతిలో జెండా. చుట్టూ ఫోన్లతో ఫొటోలు తీసేవాళ్లు. పుండు అన్నారో జెండా పోతుంది. గాయం అన్నారు కాబట్టి వైద్యం చెయ్యాలి. ఆయన కాసేపు ఆకాశం వైపు, కాసేపు జెండా వైపు చూసి అన్నారు:

"గాయానికి... కట్టుగది తెరవండి."

జ్ఞాపికల బీరువా పక్కకు జరిగింది. రిబ్బను తెగింది. గాలి పరుపు మీద మొదటిసారి ఒక మనిషి పడుకున్నాడు. పుండును నిషేధించారు గానీ గాయాన్ని ఎవరూ నిషేధించలేదు. గాజుగుడ్డ వచ్చింది, ఉప్పునీళ్ల సీసాలు వచ్చాయి, ఎస్తేరు కత్తెర కూడా తిరిగొచ్చింది. ఆమె చచ్చిన తోలును కొద్దికొద్దిగా తీసి, కడిగి, తడి గాజుగుడ్డ నింపి కట్టు కట్టింది. లింగస్వామికి నొప్పి తెలీదు. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా అండాలు పెదవి కొరుక్కుంది.

తిప్పుడు మాత్రం ఇంకా నిషేధమే. దానికీ సాయిలే వచ్చాడు. "నేరం ఎట్ల జరిగిందో విచారణ చెయ్యాలె. ముద్దాయి ఎట్ల తిప్పిందో చేసి చూపియ్యాలె," అన్నాడు. అండాలు తిప్పి చూపించింది. ఆయన తల గోక్కున్నాడు. "సరిగ్గ సమజ్ గాలే. పొద్దుమీకి ఇంకోసారి చూపియ్యి." సాయంత్రం మళ్లీ చూపించింది. ఆ విచారణ ఎండాకాలం దాకా సాగింది.

జెండా ఎగరేసిన మరునాడు పొద్దున ఔట్‌పోస్టు ముందు వరస కట్టి ఉంది. అందరికన్నా ముందు బుచ్చమ్మ.

"ఏంది ముసల్దానా?"

"నేరం ఒప్పుకోనీకి వచ్చిన. మా తమ్ముణ్ణి తిప్పిన."

"ఎప్పుడు?"

"ఇంక తిప్పలే. నువ్వు రాస్కుంటనంటే ఇప్పుడే వోయి తిప్పుత."

ఆమె వెనక ఒక మేస్త్రీ, అతని వెనక ఒక టీచరమ్మ, ఆ వెనక వార్డులో మిగిలిన చుట్టాలందరూ. అందరూ నేరస్తులే. వార్డులో సగం మంది మీద పగబట్టి గాయాలు చేసిన ఘోరమైన జిల్లా అదొక్కటేనని ఆ నెల పోలీసు లెక్కల్లో తేలింది. ఆసుపత్రి రాష్ట్రంలో మొదటి స్థానం, పోలీసులు ఆఖరి స్థానం. వాళ్ల పెద్దాయన కూడా టీవీ తెర ముందు నిలబడ్డాడట. వాళ్లూ ఒక కమిటీ వేశారు. కేసులన్నీ రాసుకున్న మరుక్షణమే బయల్పడుతున్నవని, కావున రాసుకొనుటయే నేరకారకమని ఆ కమిటీ తేల్చేలోపు వార్డులో చాలా వీపులు మానాయి. సాయిలును మాత్రం అడవి పక్క స్టేషనుకు బదిలీ చేశారు.

కిటికీ పక్క మంచం మనిషి తరఫున నేరం ఒప్పుకోవడానికి ఎవరూ రాలేదు. ఆయన నివాళి కాగితం వానకు తడిసి తనే ఊడిపోయింది.

అండాలు కేసు కోర్టుకు వచ్చేసరికి మామిడికాయలు పండాయి. యాకూబు ఆటోలోంచి చక్రాల కుర్చీ దించి, అందులో లింగస్వామిని కూర్చోబెట్టి మెట్ల పక్క నుంచి లోపలికి నెట్టుకొచ్చాడు. కుర్చీలో మెత్త, మెత్త మీద మనిషి, మనిషి భుజాన తువ్వాలు.

మేజిస్ట్రేటు కాగితాలు చదివి, కళ్లద్దాల మీంచి చూశాడు. "గాయమేది?"

"మానింది సారూ," అన్నాడు లింగస్వామి. "తోలు వట్టింది. సూపెట్టమంటే సూపెడుత గని, మళ్ల తిప్పుడైతది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు బల్ల మీద కొట్టి, బోనులో ఉన్న అండాలు వైపు తిరిగాడు.

"ఏమ్మా, నీ భర్తను తిప్పిన నేరం ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్న."

"మొదటి తప్పు గనుక మందలించి వదిలేస్తాను. ఇకముందు ఇట్లాంటి పని చేయనని చెప్పు."

అండాలు మొగుడి వైపు చూసింది. ఆయన ఆమెకేసి చూసి కన్ను కొట్టాడు. పెళ్లినాటి నుంచి ఎన్నడూ లేనిది, ఆమె మూతి కొద్దిగా వంకర పోయింది.

"ఎట్ల చెప్త సారూ," అంది. "ఇంటికి వోయినంక పొద్దుగాల ఒకసారి, అన్నం తిన్నంక ఒకసారి, పండుకునే ముంగట ఒకసారి. నడుమల యాదికొస్తే ఇంకోసారి. రోజూ చేస్త."